ఆలస్యమైన పనుల గురించి, ఉచితంగా గీసిన బొమ్మల గురించి

నెల్లూరులో నా చేత పెళ్లిపత్రికలు, దుకాణాల బోర్డులు, పుస్తకాల ముఖచిత్రాలు గీయించుకుంటున్న వారికీ, నా కామిక్ పుస్తకానికి ముందే డబ్బు కట్టిన వారికీ నమస్కారం.

మొన్నటి శ్రావణ మాసంలో నాలుగు పెళ్లిపత్రికలను చెప్పిన తేదీకి ఇవ్వలేకపోయాను. ఆ నాలుగింటిలో ఒక కుటుంబం వారం రోజులు ఎదురుచూసి, ముహూర్తం దగ్గరపడటంతో బజారులో దొరికే కార్డు మీద పేర్లు అచ్చు వేయించుకుంది. వారి అడ్వాన్సు వారికి ఇచ్చేశాను గానీ, పత్రిక మీద అదే చీరకట్టు, అదే జడ రావాలని పెళ్లికూతురి అమ్మమ్మ పెళ్లినాటి ఫొటోను ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన వారి శ్రమకు నేను బదులు ఇవ్వగలిగినది ఏమీ లేదు. “ఊరికే చేసే పనులు నెత్తిన వేసుకుని మా పని పక్కన పెట్టారట కదా” అని ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగవలసిన మాటే అడిగారు కనుక, జరిగినది దాచకుండా చెబుతాను.

ఒక స్వచ్ఛంద సంస్థ కోరగా, కనిగిరి, పామూరు వైపు పల్లెల్లోని బడిపిల్లల కోసం ఫ్లోరైడ్ నీళ్ల మీద పదహారు పేజీల కామిక్ పుస్తకాన్ని డబ్బు తీసుకోకుండా గీసి ఇచ్చాను. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరగాలి కాబట్టి, పన్నెండు పేజీల్లో ఇమడని కథ పదహారుకు పెరిగింది. గీయడం మొదలుపెట్టక ముందు ఒక బడికి వెళ్లి, పిల్లలను తమ బొమ్మలు తామే వేసుకోమన్నాను. తరగతిలో అందరికంటే ఎక్కువగా నవ్విన ఒక పాప తన బొమ్మకు రెండు జడలు, రిబ్బన్లు, చెవులకు బుట్టలు అన్నీ వేసి, నోటిని మాత్రం ఒక్క సన్నని గీతతో సరిపెట్టింది. ఆ పాప నవ్వినప్పుడల్లా అరచేయి నోటికి అడ్డం పెట్టుకోవడం నేను అప్పటికే గమనించాను. పంటి మీది పింగాణీ పొర తయారవుతున్న చిన్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగితే, తర్వాత వచ్చే పళ్లమీద పసుపు, గోధుమ రంగు చారలు ఏర్పడతాయి. ఎంత తోమినా అవి పోవు. అది మురికి కాదనీ, పళ్లు సరిగా తోముకోకపోవడం వల్ల వచ్చినది కాదనీ పుస్తకంలో మొదటి పేజీలోనే చెప్పాలని నేను పట్టుబట్టింది ఆ పాప కోసమే. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగిన పెద్దవాళ్లకు కీళ్లు బిగుసుకుని నడుము వంగిపోయే సంగతి తర్వాతి పేజీల్లో వస్తుంది.

తప్పు పదకొండో పేజీలో జరిగింది. అమ్మ పొయ్యి మీద నీళ్లు కాచి, చల్లార్చి, బిడ్డకు గ్లాసులో పోసి ఇస్తున్నట్టు ఒక గడిలో గీశాను. ఆరోగ్యం గురించిన పోస్టర్లు గీసి గీసి నా చేతికి అలవాటైన బొమ్మ అది. కాచితే నీళ్లలోని సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ గిన్నెలో మిగిలిన నీళ్లలో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. అంటే ఏ జబ్బు నుంచి తప్పించుకోవాలో చెప్పే పుస్తకంలో నేనే ఆ జబ్బుకు దారి చూపించాను. ఎనిమిది వందల ప్రతులు అచ్చయి బడులకు పంపడానికి కట్టలు కట్టిన తర్వాత, ముందుగా ఒక ప్రతి అందుకున్న సైన్సు మాస్టారు ఫోన్ చేసి ఆ గడి సంగతి చెప్పారు. ఆయన చెప్పకపోతే ఆ బొమ్మ పిల్లల ఇళ్లకు చేరేది.

కొత్త గడి గీసి, స్టిక్కర్ కాగితం మీద అచ్చు వేయించి, ఎనిమిది వందల ప్రతుల్లోనూ పాత బొమ్మ మీద ఒక్కొక్కటిగా అతికించాను. బొమ్మ చుట్టూ ఉన్న నల్లగీత మీదికి స్టిక్కర్ అంచు సరిగ్గా రావాలి. కొంచెం పక్కకు జరిగినా కింద ఉన్న పొయ్యి కనిపిస్తుంది. పత్రికల పని జరగవలసిన తొమ్మిది రోజులు ఆ అతికింపుకే పోయాయి. స్టిక్కర్ల ఖర్చు నేనే పెట్టుకున్నాను. కొత్త గడిలో ఏం గీయాలన్నది కూడా ఆ మాస్టారే చెప్పారు: తాగడానికి శుద్ధి చేసిన నీళ్ల క్యాన్ కొనుక్కునే ఇళ్లలో కూడా అన్నం ఎసటికి, పప్పు ఉడకడానికి బోరు నీళ్లే పోస్తున్నారు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా వంటతో పాటు ఒంట్లోకి వెళ్తుంది. అందుకని ఇప్పుడు పదకొండో పేజీలో అమ్మ క్యాన్ వంచి ఎసరు పెడుతోంది. పుస్తకం మొత్తంలో పనికొచ్చే బొమ్మ ఏదని నన్ను అడిగితే అదేనంటాను.

ఉచితంగా చేస్తున్నాను కదా అని ఆ పనికి ఒప్పందపు కాగితం రాసుకోలేదు, చిత్తుబొమ్మలను ఎవరు సరిచూడాలో నిర్ణయించుకోలేదు, గడువు పెట్టుకోలేదు. మీ పెళ్లిపత్రికలో ఇంటిపేరు దగ్గర ఒక్క ఒత్తు తప్పిందేమోనని అచ్చుకు పంపే ముందు మూడుసార్లు చూసే నేను, పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన బొమ్మను అలవాటుకు వదిలేశాను. డబ్బు తీసుకోని పనిని తక్కువ జాగ్రత్తతో చేయవచ్చని నేను ఎన్నడూ అనుకోలేదు గానీ, నిజానికి చేసింది మాత్రం అదే. ఇకమీదట సేవాపనులు ఏడాదికి రెండే తీసుకుంటాను. వాటికీ కాగితం రాసుకుంటాను. ఆ విషయం తెలిసిన వ్యక్తి ఒకరు చిత్తుబొమ్మల మీద సంతకం చేసిన తర్వాతే రంగులు వేస్తాను. శ్రావణం, మాఘం వంటి పెళ్లిళ్ల నెలల్లో వాటి జోలికి పోను.

నేను పత్రికల ధర పెంచాను. అది ఈ ఫ్లోరైడ్ పుస్తకం ఖర్చు రాబట్టుకోవడానికి కాదని కూడా చెప్పాలి. పుస్తకం అచ్చు ఖర్చును ఆ సంస్థే భరించింది. నేను ఇచ్చింది నా సమయం, ఆ తొమ్మిది రోజుల్లో మీ సమయం కూడా. ఆలస్యమైన మిగిలిన మూడు పత్రికల వారికి సగం డబ్బు వెనక్కి ఇచ్చాను.

ఇక ముందస్తుగా నూట యాభై రూపాయలు కట్టిన వారి పుస్తకం సంగతి. మన జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం మీద నలభై ఎనిమిది పేజీల కామిక్ సంక్రాంతికి ఇస్తానని చెప్పాను. ఇప్పటికి ముప్పై ఒక్క పేజీలు పూర్తయ్యాయి. ఈ సంక్రాంతికి అందదు, ఉగాదికి అందుతుంది. అంతవరకు ఆగలేని వారు చెబితే డబ్బు అదే రోజు తిరిగి పంపుతాను. ఈ ఆలస్యానికి ఫ్లోరైడ్ పుస్తకం కారణం కాదు. మన జిల్లాలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, తమ వాచకంలో సారా దుకాణం మూయించిన సీతమ్మ కథ చదివి, 1992లో తమ ఊళ్లోనూ ఆ పని చేసి చూపించడం, దూబగుంట రోసమ్మ వంటి వారు ముందు నిలవడం, అది ఊరూరా పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దీన్ని గీయడానికి కూర్చుంటే ప్రతి గడిలోనూ ఒక సందేహం వస్తోంది. సారా దుకాణం ముందు సీసాలు వరసగా పెట్టి ఒక పేజీ గీసి, కలిగిరి వైపు ఒక పెద్దావిడకు చూపిస్తే, “సీసాలు యాడివమ్మా, అప్పుడు ప్యాకెట్లే కదా, పంటితో కొరికి తాగేటోళ్లు” అన్నారు. ఆ ఒక్క మాటకు ఆరు పేజీలు మళ్లీ గీశాను. సీసా చేతిలో ఉన్న మనిషి నిలబడే తీరు వేరు, ప్యాకెట్ కొరికే మనిషి మెడ వంచే తీరు వేరు. సీసాను రబ్బరుతో చెరిపి అక్కడ ప్యాకెట్ పెడితే సరిపోలేదు.

మాటల బుడగలకు కూడా అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పడుతున్నాయి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉండటం వల్ల ఇరుకు బుడగలో రెండు వరసలు పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. కొత్తగా చదువుకున్న వారికి అక్కడే చూపు ఆగిపోతుంది. ఈ కథ చదువు నేర్చుకున్న ఆడవాళ్ల కథ కాబట్టి, అలాంటి పాఠకురాలికి ఒక్క అక్షరం కూడా అడ్డుపడకూడదని బుడగలు పెద్దవి చేసి, బొమ్మలను ఆ మేరకు కుదిస్తున్నాను. మాటలు నెల్లూరు యాసలోనే ఉంటాయి.

ముప్పై రెండో పేజీ రాత్రిబడి పేజీ. లాంతరు వెలుగులో పది మంది ఆడవాళ్లు కూర్చుని ఉండాలి. వాళ్ల ఒళ్లో వాచకం ఎలా కనిపించేది, పలకలు ఉండేవా, చంటిపిల్లలను పక్కన పడుకోబెట్టుకునే వారా అన్నవి నాకు తెలియాలి. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత కేంద్రాలు నడిపిన వారు గానీ, వాటిలో చదువుకున్న వారు గానీ మీ ఇళ్లలో ఉంటే, వారి దగ్గర ఒక్క ఫొటో మిగిలి ఉన్నా దయచేసి చెప్పండి. ఫొటో తీసుకెళ్లను, మీ ఇంటికే వచ్చి మీ ఎదురుగా కూర్చుని చూసి గీసుకుంటాను.