జ్వరం తగ్గాక కూడా ఓ కన్నేసి ఉంచు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి ఫోన్లో మీ అమ్మాయికి కొవిడ్ పాజిటివ్, పాజిటివ్ అని నాలుగుసార్లు అన్నావు. చిట్టి ఎలా ఉందో మాత్రం నేను అడిగేదాకా చెప్పలేదు. అడిగితే, 101 జ్వరం, ముక్కు కారుతోంది, కార్టూన్లు చూస్తూ పెరుగన్నం తింటోంది అన్నావు. మరింకేట్రా నీ టెన్షన్? ఆ తర్వాత నేను చెప్పింది ఒక్క ముక్కా నీ చెవికెక్కలేదని తెలిసిపోయింది. అందుకే ఉత్తరం. మధ్యలో నన్ను ఆపలేవు కదా.

రిపోర్టు పక్కన పెట్టి పిల్లను చూడు. చాలామంది పిల్లలకు ఇది జలుబులా వచ్చి పోతుంది. కొందరికి వాంతులు, విరేచనాలు కూడా ఉంటాయి. తాగుతోందా, ఒంటేలు సరిగా పోస్తోందా, జ్వరం దిగినప్పుడు ఆడుకుంటోందా, అదీ లెక్క. నిద్రపోయేటప్పుడు గౌను పైకెత్తి, గడియారం పెట్టుకుని నిండా ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టు. ఏడాది నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకు నిమిషానికి 40 లేదా ఆపైన ఉంటే అది వేగం కిందే లెక్క. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, పిల్ల మగతగా పడి ఉన్నా, ఏమీ తాగకపోయినా నాకు ఫోన్ చేయకు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ అంటావా, 94 కంటే తగ్గితే పట్టించుకోవాల్సిందే. కానీ ముందు వేలు వెచ్చగా ఉందో లేదో చూడు. 2021లో మావాడి వేలికి పెడితే 82 చూపించింది. మా ఆవిడ ఘొల్లుమంది. తీరా చూస్తే వాడు అప్పటిదాకా ఐస్ పట్టుకుని కూర్చున్నాడు, పైగా కాలు చేయీ ఒకచోట ఉంచడు. వేలు తుడిచి, కథ చెప్పి కదలకుండా కూర్చోబెట్టి పెడితే 98!

మందు దగ్గర మాత్రం జాగ్రత్త. పారాసెటమాల్ ఒక మోతాదు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. చిట్టి 15 కిలోలన్నావు, అంటే 150 నుంచి 225. కానీ సీసాలన్నీ ఒకటి కావురా. ఒకదాంట్లో 5 ఎం.ఎల్.కి 120 ఉంటుంది, ఇంకోదాంట్లో 250. పాత సీసా అలవాటులో కొత్తది పోస్తే రెట్టింపు పడుతుంది. సీసా ఫొటో డాక్టరుకి చూపించి ఎన్ని ఎం.ఎల్. వేయాలో రాయించుకో. ఆస్పిరిన్ జోలికి వెళ్ళకు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. మెడికల్ షాపువాడు ఇచ్చాడని స్టెరాయిడ్ అసలే వద్దు.

ఆవిరి కూడా పట్టకండి. మా అమ్మ పసుపేసిన మరిగే నీళ్ళ గిన్నె మావాడి ముందు పెట్టబోతే నేను లాగేశాను. ఆ నీళ్ళు మీద పడి కాలిన పిల్లలున్నారు. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదనుకో.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెబుదామంటే నువ్వు వినలేదు.

2021 మే నెలలో మా ఇంటిల్లిపాదికీ కొవిడ్ వచ్చింది కదా. మావాడికి రెండు రోజులు ముక్కు కారింది, మూడో రోజు మేడ మీద క్రికెట్. గండం గడిచిందనుకున్నాం. నెల తిరిగాక ఓ రాత్రి 103 జ్వరం, కడుపునొప్పి, వాంతులు. దగ్గర్లోని క్లినిక్‌లో టైఫాయిడ్ కావచ్చని ఏవో మందులిచ్చారు. కొవిడ్ పరీక్ష నెగెటివ్. మూడో రోజు పొద్దున్న చూస్తే కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, పుసి మాత్రం లేదు. పెదాలు ఎర్రగా పగిలిపోయి, పొట్ట మీద దద్దుర్లు, చేతులు ఉబ్బి ఉన్నాయి. పెద్దాసుపత్రికి పరిగెత్తాం. పిల్లల డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఈమధ్య ఇంట్లో కొవిడ్ వచ్చిందా?"

మిస్-సీ అంటారట దాన్ని. కొవిడ్ వచ్చిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత వస్తుంది. అప్పటికి వైరస్ పోయి ఉంటుంది, అందుకే పరీక్ష నెగెటివ్ రావచ్చు. కానీ దాంతో పోరాడిన ఒంటి రక్షణ ఆగకుండా సొంత గుండె మీద, పేగుల మీద పడుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను నాడు గుర్తుందా? మధ్యాహ్నం గాలి ఆగింది కదాని ఇద్దరం వీధిలోకెళ్ళి విరిగిన చెట్లు చూస్తున్నాం, అంతలో అటువైపు నుంచి మళ్ళీ మొదలైంది. సరిగ్గా అలాగే.

2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు దీన్ని మొదట గుర్తించారు. 1967లో జపాన్‌లో కవాసాకి అనే డాక్టరు రాసిన పిల్లల జబ్బులా ఉందే అనుకున్నారట. మావాడికి గుండె స్కాన్, అదే ఎకో, తీశారు, ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు డ్రిప్‌లో ఎక్కించారు, స్టెరాయిడ్ ఇచ్చారు. ఇంట్లో వద్దన్న స్టెరాయిడే అక్కడ ప్రాణం నిలబెట్టింది, చూశావా! వారం తర్వాత ఇంటికొచ్చాం. గుండె బాగుందని తర్వాతి ఎకోలో చెప్పేదాకా నాకు నిద్ర లేదు.

ఇది చాలా అరుదు, ఒమిక్రాన్ రకం కొవిడ్ వచ్చాక ఇంకా తగ్గిపోయింది. చిట్టికి వస్తుందని రాయడం లేదు. పాజిటివ్ వచ్చిన తేదీ చుట్టూ క్యాలెండర్‌లో సున్నా చుట్టమంటున్నా, అంతే. ఆరు వారాల్లోపు మళ్ళీ జ్వరం వచ్చి తగ్గకపోతే, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఆ తేదీ ముందు నువ్వే చెప్పు.

పిల్లను గదిలో ఒంటరిగా పెట్టకండి, చెల్లెమ్మని మాస్కు పెట్టుకుని దగ్గరే ఉండమను. నాలుగేళ్ళ పిల్లకి మాస్కు అక్కర్లేదు. బాబాయిగారికి షుగర్ కదా, ఆయన్ని మాత్రం వేరే గదిలో ఉంచు. మనవరాలి కోసం గోల చేస్తారనుకో, చేయనీ.

మావాడిప్పుడు ఏడో తరగతి. అప్పటి సంగతి అడిగితే వార్డులో కిటికీ పక్క మంచం దొరికిందని ఒక్కటే గుర్తుందంటాడు. నీ ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో సిగ్నల్ దొరికినప్పుడు చిట్టి ఊపిరి లెక్క ఎంతొచ్చిందో మెసేజ్ పెట్టు. రాత్రి ఎంత లేటైనా చూస్తాను.

నీ
బాబ్జీ