నవ్వించే పుస్తకం పేరొక్కటే చెబితే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులొస్తే పత్రికల్లో 'తప్పక చదవాల్సిన హాస్య పుస్తకాలు' అంటూ జాబితాలు వస్తుంటాయి. పేర్లన్నీ మంచివే. కానీ ఏ భాగంతో మొదలుపెట్టాలి, ఎవరికి ఏది నప్పుతుంది అన్న సంగతి ఎవరూ రాయరు. దాంతో కొన్నవాళ్ళు ఇరవై పేజీలు తిప్పి, 'ఇందులో నవ్వేముంది' అని అటక మీద పడేస్తున్నారు. ఏడిపించే నవలనైతే జనం ఓపిక పట్టి చదువుతారు. నవ్వు రాని హాస్య నవలను మళ్ళీ ముట్టుకోరు.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' సంగతే చూడండి. అది మూడు భాగాలు. మొదటిది 1924లో వచ్చింది, మిగతా రెండూ ఎన్నో ఏళ్ళకు రాసినవి. మొగల్తూరు నుంచి రైలెక్కి, ఓడెక్కి ఇంగ్లండు చేరే ప్రయాణం మొదటి భాగంలోనే ఉంది. అందరూ చెప్పుకుని నవ్వేది దాన్నే. తర్వాతి భాగాల్లో చదువు, స్వదేశానికి రావడం, సంసారం, స్వాతంత్ర్యోద్యమం. అవీ చదవదగ్గవే గానీ నడక వేరు. లైబ్రరీలో మొదటి భాగం బయటికి పోయి రెండో భాగం దొరికితే, దాంతో మొదలుపెట్టకండి. మొదటిది వచ్చేదాకా ఆగండి. పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని, దర్జాగా నెత్తిన పెట్టుకుని బయల్దేరతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అతనికి తెలియదు, కథ చెబుతున్నది మాత్రం అతనే. ఆ అమాయకత్వంలోనే ఉంది హాస్యమంతా. పైకి చదివి వినిపించేవాళ్ళు ముందే నవ్వేశారా, ఇక వినేవాళ్ళకు మిగిలేదేమీ ఉండదు.

చిలకమర్తి వారి 'గణపతి'తో వచ్చే చిక్కు వేరు. గణపతి కంటే ముందు తాత, తండ్రి కథలు నడుస్తాయి, భాష గ్రాంథికం. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిలకాయల చేతిలో నేరుగా పెడితే నాలుగో పేజీకే మూసేస్తారు. పెద్దవాళ్ళెవరైనా రోజుకో ప్రకరణం చదివి వినిపిస్తే చెవికి త్వరగానే అలవాటవుతుంది. ఆకాశవాణి నాటకంగా అది ఊరూరా పాకిందంటే వినడానికి అంత బాగుంటుంది మరి.

'బుడుగు'నూ పైకే చదవాలి. ముళ్ళపూడి వారు పిల్లాడి పలుకుబడిని ఉన్నదున్నట్టు అచ్చులో పెట్టారు. కంటితో చదివితే ఆ మాటలు అడ్డం పడతాయి, నోటితో చదివితే జారిపోతాయి. బామ్మ, బాబాయి, రెండుజెళ్ళ సీత, సీగానపెసూనాంబ ఎవరెవరో మొదట్లోనే తెలియాలి కాబట్టి మధ్యలో తెరవొద్దు. ఆయన ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి' మూడు సంపుటాలు. పేరుకు తగ్గట్టే ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మకు దూకుతుంది, పుట్టినప్పటి నుంచి వరస వెతికితే విసుగొస్తుంది. స్వాతి వారపత్రికలో వారం వారం వచ్చిన రచన కదా, పూటకు ఒకటి రెండు అధ్యాయాలు చాలు. ఏకబిగిన చదివితే చమత్కారం మీద చమత్కారం పడి మొహం మొత్తుతుంది. ఇంకొక మాట. శాఖా గ్రంథాలయాల్లో దీన్ని నవలల బీరువాలో వెతికి 'లేదు' అనుకుని వెళ్ళిపోతారు. ఆత్మకథల అరలో చూడండి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళను మనమే మరిచిపోవడం నాకు నిజంగా బాధ. భానుమతి గారిది ఒంగోలు దగ్గర దొడ్డవరం. ఆమె 'అత్తగారి కథలు' దేనికదే పూర్తి కథ, 'అత్తగారూ ఆవకాయ'తో మొదలుపెట్టి ఎటైనా వెళ్ళొచ్చు. నవల చదివే తీరిక లేదనే వాళ్ళకు ఇంతకంటే మంచి పుస్తకం నాకు తోచదు. నచ్చితే ఆమె ఆత్మకథ 'నాలో నేను' అందుకోండి. ఇక ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు', 'పోలేరమ్మ బండ కతలు'. కావలి బాల్యం, మన యాస, సాయిబుల ఇళ్ళలోని మాట, తిండి, లేమి అన్నీ ఉంటాయి. ఒక్కో కత నవ్విస్తూనే గొంతు పట్టేస్తుంది. యాసను పుస్తక భాషగా దిద్దుకుంటూ చదివితే సగం రుచి పోతుంది.

విశ్వనాథ అంటే 'వేయిపడగలు' లావు చూసి జడిసేవాళ్ళకు 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' ఉంది. చిన్న పుస్తకం. పంచతంత్రం విష్ణుశర్మ, మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన రచయిత కలలోకొచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. బడిలో ఇంగ్లీషు చెప్పే అయ్యవార్లకు మొదట ఇవ్వాల్సింది ఇదే. వ్యాకరణం బొత్తిగా పట్టనివాళ్ళకు మాత్రం ఇవ్వకండి.

ఆత్మకథలు ఇష్టపడేవాళ్ళు చిలకమర్తి 'స్వీయచరిత్రము', టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర' పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు. రెండోది హాస్య గ్రంథం కాదు గానీ, రాజమండ్రిలో నాటక సమాజం నడిపిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడి నాటకాల రోజులు రెండింటిలోనూ ఉన్నాయి. ఒకరు నాటకం రాసినవారు, ఇంకొకరు అందులో వేషం కట్టినవారు.

చిలకమర్తి 1946లో పోయారు. రచయిత పోయిన అరవై ఏళ్ళకు హక్కుల గడువు తీరుతుంది కాబట్టి ఆయన పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దించుకోవడానికి అడ్డేమీ లేదు. అయితే పాత ప్రతుల స్కానింగుల్లో పేజీలు ఎగిరిపోవడం, తారుమారవడం మామూలే. మొదలుపెట్టే ముందే పేజీ అంకెలు సరిచూసుకోండి. పాత ముద్రణలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉండనే ఉంది. జిల్లాల విభజనలో బాపట్లకు వెళ్ళినా ఒంగోలు వాళ్ళకు దగ్గరే.

మీ పత్రిక ఇకముందు జాబితా వేసేటప్పుడు పుస్తకం పేరు పక్కన ఎన్ని భాగాలు, ఏది ముందు, భాష ఎలాంటిది అన్న మూడు ముక్కలు అచ్చేయండి. అలాగే నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలతో పాటు హాస్యం చదివి వినిపించే పోటీ కూడా పెట్టేలా రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలను అడగండి. మనిషికి ఏడెనిమిది నిమిషాలు, ఒకే పుస్తకం నుంచి ఒకే ఘట్టం, కంఠతా పట్టకుండా పుస్తకం చూసి చదవడం. మొదటి ఏడాదికి 'అత్తగారి కథలు' తీసుకుంటే పదేళ్ళ పిల్లల నుంచి అవ్వాతాతల దాకా అందరూ చదవగలరు.

ఇట్లు,
ఒక గ్రంథాలయ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా