పాతిక లీటర్ల గిన్నె గురించి చిన్నికి

చిన్నీ,

నీ బీరు రెసిపీ అందింది. ఇన్నాళ్ల తర్వాత నీ దగ్గర్నుంచి వచ్చిన మెయిల్‌లో ఒక ఎక్సెల్ షీటు, "నాన్నా, ఒకసారి చూసి చెప్పండి" అన్న ఒక్క ముక్క. కింద ఇంకేమైనా రాశావేమోనని మీ అమ్మ ఫోన్ పైకీ కిందికీ జరిపి చూసింది. సరే, అడిగింది రెసిపీ గురించే కాబట్టి దాని గురించే రాస్తాను. ఎలా ఉన్నావు, ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు లాంటివి అడగను.

ఇన్నాళ్లూ డబ్బాలో దొరికే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ సారం) కలిపి కాచావు. ఇప్పుడు గింజల నుంచే మొదలుపెడతానంటున్నావు, సంతోషం. ఎక్స్‌ట్రాక్ట్‌లో పిండిని చక్కెరగా మార్చే పని ముందే అయిపోయి ఉంటుంది. ఇక మీద అది నీ గిన్నెలోనే జరగాలి. మాల్టులో ఉండే ఎంజైములే ఆ పని చేస్తాయి, కానీ వాటికి వేడి లెక్క ఉంది. 62, 63 డిగ్రీల దగ్గర మాష్ చేస్తే, అంటే గింజల్ని వేడినీళ్లలో నానబెడితే, ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువొచ్చి బీరు పల్చగా, డ్రైగా తేలుతుంది. 69, 70 దగ్గరైతే ఈస్ట్ తినలేనివి మిగిలి చిక్కగా ఉంటుంది. నువ్వు 66 పట్టుకో, గంటసేపు. థర్మామీటర్‌ని నమ్మే ముందు మరిగే నీళ్లలో ఒకసారి పెట్టి చూడు. నీ దగ్గరున్నది ఆ పాతదేనా? అది పారెయ్.

ఇక ఏడు రకాల మాల్టులు. ఎందుకమ్మా ఏడు? రేపు రుచి తేడా వస్తే ఏడింటిలో దేన్ని అనుమానిస్తావు? పైగా గింజల్లో పావు వంతు తీపి పెంచే క్రిస్టల్ మాల్టే. పాకం తాగినట్టుంటుంది. మొదటిసారికి లేత రంగు పేల్ మాల్ట్, పది శాతం దాటకుండా ఒక్క రకం క్రిస్టల్, ఒకటే రకం హాప్స్ (చేదూ వాసనా ఇచ్చే పూలు), మామూలు ఏల్ ఈస్ట్. చాలు.

గిన్నె పాతిక లీటర్లదని రాశావు, బీరేమో 23 లీటర్లు కావాలని రాశావు. కాచేటప్పుడు గంటకు మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోతుంది, అడుగున మడ్డి ఇంకాస్త పోతుంది. అంటే పొయ్యి మీద పెట్టేసరికే 28 లీటర్లు ఉండాలి. ఎక్కడ పడుతుంది? పన్నెండు లీటర్లకు తగ్గించు. నేను లెక్క వేశాను: పేల్ మాల్ట్ 2.5 కిలోలు, క్రిస్టల్ 200 గ్రాములు. మాష్‌కి 8 లీటర్ల నీళ్లు. గింజలు చల్లగా ఉంటాయి కాబట్టి నీళ్లు 72 డిగ్రీల్లో పోస్తే కలిపాక 66కి దిగుతాయి. కిలో గింజలు సుమారు లీటరు నీళ్లు పీల్చుకుని ఇక వదలవు. ఇంకో 10.5 లీటర్ల నీళ్లు 76 డిగ్రీల్లో కొద్దికొద్దిగా పోసి గింజలు కడుగు. పదహారు లీటర్లు దిగుతుంది, గంట మరిగితే పన్నెండు. గింజల్లోని చక్కెర దిగే ఎఫిషియెన్సీ 85 శాతమని వేసుకున్నావు, అంత ధీమా మొదటిసారి పనికిరాదు. 68 అనుకుంటే గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే రసం సాంద్రత) 1.046 దగ్గర వస్తుంది. అది పులిశాక 1.011కి దిగితే ఆల్కహాల్ 4.6 శాతం. చేదునిచ్చే ఆల్ఫా యాసిడ్ ఆరు శాతం ఉన్న హాప్స్ అయితే మరగడం మొదలవగానే 20 గ్రాములు, చివరి ఐదు నిమిషాల్లో వాసనకి 15. నీకు ఇంతకంటే చేదు కావాలంటే రెండోసారి చూసుకో.

షీటు అడుగున "కాచేది: బుధవారం, ఉదయం 9" అని ఉంది. ఈ పనికి ఆరేడు గంటలు పడుతుంది, మధ్యలో వదిలేసి వెళ్లే వీలుండదు. బుధవారం పొద్దున నీకు ఏదో మీటింగు ఉండేది కదా? సెలవేమోనని క్యాలెండర్ చూశాను. కాదు. ఊరికే అడుగుతున్నాను.

మర పట్టించడం గురించి నువ్వేమీ రాయలేదు కాబట్టి ప్రసాదు బాబాయి సంగతి చెప్పాలి. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. వాడు మొదటిసారి గింజలతో కాచాడు. మెత్తగా ఉంటే చక్కెర ఎక్కువ దిగుతుందని వాడి లెక్క, మాల్టు మొత్తం పొడిపొడిగా పట్టించుకొచ్చాడు. పొట్టు ఏదిరా అంటే, "పొట్టుతో పనేంటన్నయ్యా" అన్నాడు. ఆ పొట్టే జల్లెడ అని చెప్పినా వినలేదు. గంట అయ్యాక గిన్నె కుళాయి తిప్పాడు. నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది. కలియబెట్టాడు, రెండు చుక్కలు. కుళాయికి రబ్బరు ట్యూబు తగిలించి నోటితో ఊదాడు. లోపల బుడబుడమంది. ఊపిరి తీసుకోవడానికి నోరు తీశాడో లేదో ఆ వేడి రసమంతా చొక్కా మీదకొచ్చింది. అయినా ఆగితేనా! దిండు గలీబు తెచ్చి, ఒక కొస నాకిచ్చి ఇంకో కొస తను పట్టుకుని, అందులో కుమ్మరించాడు. గలీబు జారింది. ఆ వంటింట్లో చాలా రోజులు చెప్పులు నేలకు అంటుకుని టపటపమంటూ ఊడొచ్చేవి, చీమలకైతే అంతే లేదు. మీ సరళత్తయ్య ఒక్క మాట అనలేదు, అదే మాకు భయం. మిగిలిన మూడు లీటర్లూ పులియబెట్టి, ఆ వగరుని కూడా "ఇదొక స్టైల్" అని తాగాడు మహానుభావుడు. అప్పటికే వాడు ఉద్యోగం మానేసి నెల దాటిందని మాకు తర్వాత తెలిసింది. రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడికి వెళ్లి కూర్చునేవాడో ఇప్పటికీ చెప్పడు.

గింజ మూడు నాలుగు ముక్కలయితే చాలు, పొట్టు చిరగకూడదు.

నీళ్లు కుళాయివైతే క్లోరిన్ సంగతి చూసుకో, ఉంటే మందుల వాసనొస్తుంది. మాష్ పీహెచ్, అంటే పులుపు కొలత, 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. ఆ పీహెచ్ కొలత పుట్టింది కూడా బీరు కంపెనీలోనే, 1909లో కార్ల్స్‌బర్గ్ ల్యాబులో సోరెన్‌సెన్ కనిపెట్టాడు. మా ల్యాబులో కుర్రాళ్లకి ఈ మాట చెబితేనే తలెత్తి వినేవాళ్లు.

కాచేటప్పుడు మూత పెట్టకు. పేల్ మాల్టులోంచి వచ్చే ఒకరకం గంధకపు వాసన ఆవిరితో బయటికి పోవాలి. మొదటి పొంగు వచ్చేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు, ఫోన్ చూడొద్దు. ఎలాగూ మా ఫోన్లు చూడవనుకో. తర్వాత వీలైనంత త్వరగా 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ వెయ్యి. చల్లారాక తగిలే గరిటె, ట్యూబు, మూత అన్నీ శానిటైజ్ చేసినవే అయి ఉండాలి. ఫెర్మెంటర్‌ని (బీరు పులిసే పాత్రని) నువ్వు పడుకునే గదిలో తలుపులు మూసి పెట్టుకోకు. గ్రావిటీ వరుసగా మూడు రోజులు కదలకుండా ఉంటేనే సీసాల్లో పోయాలి, లీటరుకు ఆరు గ్రాముల చక్కెర మించొద్దు. తొందరపడితే సీసాలు పేలతాయి. గాజు ముక్క కంట్లో పడితే ఎవరున్నారక్కడ? నువ్వున్న చోట ఇంట్లో కాచుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయో లేదో కూడా కనుక్కో.

చిన్నీ, నువ్వు రాజీనామా ఇచ్చావని సరళత్తయ్య అంది. ఆవిడకి ఎవరు చెప్పారో నేను అడగలేదు. మానేస్తే మానేశావు, అది నీ ఇష్టం. మాకు డబ్బు టెన్షన్ లేదు, నీకుంటే చెప్పు. నువ్వు ఒక్కదానివే కూర్చుని తాగుతున్నావేమోనని మీ అమ్మ భయం. అంత తాగాలనుకునే మనిషి ఏడు మాల్టులతో షీటు గీసుకుని కూర్చోదని నేను సర్దిచెప్పాను, కానీ రాత్రి మళ్లీ అడిగింది. ఈ ఒక్కదానికి మాత్రం షీటులో కాకుండా ఫోన్లో జవాబు చెప్పు.

కాచే రోజు చెప్పులు కాదు, బూట్లు వేసుకో. జుట్టు ముడి పెట్టుకో. వేడి గిన్నె ఒక్కదానివే ఎత్తకు, 16 లీటర్లంటే 16 కిలోల పైమాటే, నీ నడుం సంగతి నాకు తెలుసు. కుళాయి ఉన్న గిన్నె కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను. గ్రావిటీ అంకెలు కాగితం మీద రాయి. అవతల మీ అమ్మ సిలికాన్ గ్లౌజులు ఏ సైజు పంపాలని అడుగుతోంది, అది కూడా చెప్పు.

నాన్న