బామ్మ పేరున అన్నం పెట్టేవారికి

సంపాదకులకు,

వర్ధంతి ప్రకటనల పేజీలో నాయనమ్మల, అమ్మమ్మల ఫొటోల కింద ‘అన్నదానం’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. బతికినన్నాళ్లూ పదిమందికీ వడ్డించిన మనిషిని తలచుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. కానీ చాలాచోట్ల ఆ అన్నం మధ్యాహ్నం పన్నెండున్నరకు, గుడి దగ్గర, ఇంట్లో వంట ఉన్నవాళ్లకే అందుతోంది.

కోనసీమలోని లంకల గన్నవరంలో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ చూడలేదు. వైనతేయ గోదావరి దాటే బాటసారి అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి రాజేసేవారు. అంతర్వేది దర్శనానికి బయలుదేరిన ఆమె, దారిలో ఒక పెళ్లివారి పిల్లలు ఆకలితో ఉన్నారని విని, వాళ్లకు వండి పెట్టడానికి వెనక్కి తిరిగి వచ్చారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆకలి వేళే ఆమెకు ముహూర్తం.

ఆ వేళ తెలియాలంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి రాత్రి ఎనిమిదికి వెళ్లాలి. రోగికి ఆసుపత్రి భోజనం ఉంటుంది, పక్కన కాపలా ఉన్న మనిషికి చాలాచోట్ల ఉండదు. అక్కడ పంచడానికి పులిహోర, దద్దోజనం అనువు. వంద పులిహోర పొట్లాలకు పది కిలోల బియ్యం, కిలో చింతపండు, కిలోంపావు నూనె, పావుకిలో పైచిలుకు ఉప్పు సరిపోతాయి. అన్నం పలుకుగా వార్చి, వేడి మీదే పసుపు, కాస్త నూనె పట్టించి, శుభ్రమైన గుడ్డ మీద పలచగా ఆరబోయాలి. వేడి తగ్గాకే ఉడికించిన పులుసు కలపాలి, లేకపోతే ముద్దవుతుంది. వేడన్నం కుప్పపోసి మూతపెట్టినా, ప్లాస్టిక్ కవర్లో కట్టినా ఆవిరి నీరై దిగి, రాత్రికి పాచివాసన వస్తుంది. పొట్లాలు పాడవడానికి ఇదొక ముఖ్య కారణం. అరిటాకో విస్తరాకో వాడండి. పాత పత్రికల్లో మాత్రం చుట్టవద్దు, సిరా అన్నానికి అంటుతుంది.

దద్దోజనానికి మధ్యాహ్నమే పెరుగు కలిపితే రాత్రికి పులుస్తుంది. మెత్తగా వండిన అన్నాన్ని మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, రెండు మూడు గరిటెల పెరుగు తోడు వేస్తే పంచే వేళకు కమ్మగా ఉంటుంది. కొబ్బరి పచ్చడి జోలికి వెళ్లొద్దు, ఎండాకాలం అన్నిటికంటే ముందు చెడేది అదే.

కూర్చోబెట్టి వడ్డించేటట్లయితే వందమందికి బియ్యం పన్నెండు కిలోలు, కాయకష్టం చేసేవాళ్లకు పదిహేను. పప్పుకు మూడు కిలోల కందిపప్పు, కూరకు పది కిలోల కాయగూరలు, పెరుగుకు పది లీటర్ల పాలు. బియ్యం ఒకేసారి ఎసట్లో పోయకండి. మొదటి పంక్తి లేచే వేళకు రెండో వాయి దిగేటట్టు చూస్తే చివర కూర్చున్నవారికీ వేడన్నమే దొరుకుతుంది, ఎంత మిగులుతుందో ముందే తెలుస్తుంది. మారు అడగకముందే వడ్డించడం బామ్మల పద్ధతి. దానికోసం పప్పు, పెరుగు మాత్రం కొంచెం ఎక్కువే ఉంచుకోండి.

మీకొక విన్నపం. వర్ధంతి ప్రకటనలో అన్నం పెట్టే చోటు, వేళ రాయడానికి ఒక్క వరుస రుసుము లేకుండా ఇవ్వండి. ఇప్పుడు ఆ ప్రకటన చదివి చుట్టాలే వస్తున్నారు. ఆ వరుస ఉంటే ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నవారికి ఎవరో ఒకరు చదివి చెప్తారు.

— ఒక పాఠకురాలు, అమలాపురం