టన్నులు కాదు, పట్టే తీరు చూడండి

సంపాదకునికి,

ఐరోపా దేశాలు సముద్రంలో వేటాడే రొయ్యలు, పీతలు, ఆల్చిప్పల విలువను చాలామంది టన్నుల్లోనే చూస్తారు. స్కాట్లాండ్ పశ్చిమ తీరాన్ని చూస్తే ఆ లెక్క ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. అక్కడి ప్రధాన ఆదాయం లాంగుస్టీన్, నారింజ రంగులో ఉండే సన్నని లాబ్‌స్టర్. ట్రాలర్లు అడుగున వల ఈడ్చి పట్టినదాంట్లో చాలాభాగం తోకలు తుంచి, పొడి అద్ది వేయించే స్కాంపీకి పోతుంది. ఎర పెట్టిన బుట్టల్లో పడినదాన్ని మాత్రం, ఒకదాన్నొకటి గాయపరచుకోకుండా విడివిడి అరల్లో నిలబెట్టి, ప్రాణంతోనే స్పెయిన్, ఫ్రాన్స్‌లకు పంపుతారు. కిలోకు ధర చాలా ఎక్కువ. చిన్నవాటినీ, గుడ్లున్నవాటినీ మళ్లీ సముద్రంలో వదిలేయవచ్చు కూడా. 2021 జనవరిలో బ్రెగ్జిట్ (బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడటం) తర్వాతి ఎగుమతి కాగితాల జాప్యం బుట్టలతో వేటాడేవారిని అంతగా దెబ్బతీసింది అందుకే: సరుకు చస్తే ధరా చచ్చినట్టే.

తీరానికి మూడు మైళ్ల లోపు ట్రాలింగ్‌పై ఉన్న నిషేధాన్ని అక్కడ 1984లో ఎత్తేశారు. అది తప్పుడు నిర్ణయమని నా గట్టి నమ్మకం. ఆంధ్ర తీరంలో తొలి 8 కిలోమీటర్లు సంప్రదాయ పడవలకే కేటాయించారు. బుట్టలతో వేటాడే స్కాట్లాండ్ మత్స్యకారులు కోరుతున్నదీ అలాంటి హద్దునే.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం