టీచర్లకు కావాల్సింది తరగతి గది ఇంగ్లీషు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు అనగానే మన చర్చంతా మీడియం చుట్టూనే తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ జీవో 81 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టారు. వీటి మీద మీ పత్రికలోనూ ఎన్నో వ్యాసాలు చదివాను. నేను రాస్తున్నది ఆ తగువు గురించి కాదు. మీడియం ఏదైనా, టీచరు నోటి నుంచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చే చిన్న చిన్న ఇంగ్లీషు మాటల గురించి. ఆ సంగతి ఎవరికీ పట్టడం లేదు.

మా టీచర్లు తరగతిలో అసలు ఇంగ్లీషు వాడరని కాదు. వాడతారు. 'సైలెన్స్', 'సిట్ డౌన్', 'డోంట్ టాక్', 'స్టాండప్ ఆన్ ద బెంచ్', 'గెటౌట్'. కథ చెప్పేది తెలుగులో, బుజ్జగించేది తెలుగులో, కోపం వస్తే మాత్రం ఇంగ్లీషు! ఒకటో తరగతి నుంచి ఇదే వింటూ పెరిగిన పిల్లలు పదో తరగతికొచ్చినా ఇంగ్లీషులో నోరు విప్పరు. వాళ్లు మొద్దులని అందరం అనేసుకుంటాం.

బోర్డు దగ్గర లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయిన పిల్లను చూడండి. చాక్‌పీసు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. ఆ క్షణంలో టీచరు 'టేక్ యువర్ టైమ్' అంటే చాలు, కాస్త ఊపిరి తీసుకుంటుంది. తప్పు చేస్తే 'రాంగ్' అని తుడిచేయకుండా 'యూ ఆర్ క్లోజ్, ట్రై అగైన్' అనొచ్చు. ఇంకా రాకపోతే తరగతి వైపు తిరిగి 'హూ కెన్ హెల్ప్ హర్?' అని అడగొచ్చు. వెంటనే నాలుగు చేతులు లేస్తాయి. ఇందులో గ్రామర్ పాఠం లేదు, అర్థం చెప్పాల్సిన పనీ లేదు. టీచరు మొహం, చెయ్యి, ఆ సందర్భం చూసి పిల్లలే తెలుసుకుంటారు. రోజూ అదే సమయానికి అదే మాట వినబడితే, కొన్నాళ్లకు వాళ్లే ఒకరితో ఒకరు అనుకోవడం నేను కళ్లారా చూశాను. మా వైపు ఏజెన్సీ బడుల్లో సవర గిరిజన పిల్లలకు బడిలో తెలుగే కొత్త. అక్కడ కూడా సైగతో పాటు చెప్పిన మాట తొందరగానే పట్టుబడేది.

పిల్లలకు కూడా కొన్ని మాటలు ఇవ్వాలి. 'మే ఐ కమిన్ టీచర్' తప్ప వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు. 'ఐ డోంట్ అండర్‌స్టాండ్', 'ప్లీజ్ సే ఇట్ అగైన్' అనే రెండు మాటలు ధైర్యంగా అనగలిగితే, అర్థం కాకపోయినా తలూపేసే అలవాటు చాలావరకు పోతుంది. నా దృష్టిలో తరగతి గది ఇంగ్లీషులో అన్నిటికన్నా విలువైనవి ఈ రెండే.

మరి టీచర్లు ఎందుకు మాట్లాడరు? భయం. చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లే. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో బిట్లు రాసి నెగ్గారు కానీ, నలుగురి ముందు ఇంగ్లీషు మాట్లాడే అవకాశం వాళ్లకు ఎవరిచ్చారు? పైగా ఎవరో తనిఖీకి వచ్చి, పిల్లల ముందే టీచరును స్పెల్లింగులు అడిగి, అది వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పుతారు. ఆ వీడియో చూసి నవ్వుకున్న మనం, దాన్ని చూసిన వందలాది టీచర్లు మర్నాటి నుంచి నోరు కట్టేసుకుంటారని ఆలోచించామా? దయచేసి ఆ పని మానుకోవాలి. పత్రికలు కూడా అలాంటి వీడియోలను వార్తలుగా వేయకూడదని నా విన్నపం.

శిక్షణలు లేవని అనను. బెంగళూరులోని ప్రాంతీయ ఆంగ్ల సంస్థ 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల టీచర్లకు శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్‌లోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. కానీ ఊళ్లో ఒకటి నుంచి ఐదు తరగతులను ఒక్కచేత్తో నడిపే ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకు) అంత దూరం వెళ్లే వీలు ఎక్కడుంది? వెళ్లగలిగినా, ఆమెకు ముందుగా కావాల్సింది భాషాశాస్త్రం కాదు. హాజరు వేసేటప్పుడు, పుస్తకాలు తీయించేటప్పుడు, పిల్లలను జంటలుగా కూర్చోబెట్టేటప్పుడు, మధ్యాహ్న భోజనానికి వరసలో పంపేటప్పుడు, ఏడుస్తున్న పిల్లవాడిని దగ్గరకు తీసుకునేటప్పుడు అనడానికి తేలికైన వాక్యాలు కావాలి.

అవి యాభై అరవై వాక్యాలకు మించవు. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు (పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థలు) వాటిని సందర్భాల వారీగా ఒక చిన్న పుస్తకంగా వేయాలి. ఇప్పటికే పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఇస్తున్నారు కదా, ఇదీ అలాగే ఉండొచ్చు. మన తెలుగు టీచర్ల గొంతుతోనే ఆడియో చేయించి ఫోన్లకు పంపాలి. విదేశీ యాస అక్కర్లేదు, స్పష్టంగా ఉంటే చాలు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో సర్క్యులర్లు చదివే సమయంలోంచి ఒక అరగంట తీసి, టీచర్లు ఒకరితో ఒకరు ఈ మాటలు పలికి చూసుకునేలా చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులతో వేసిన 2025 మెగా డీఎస్సీ ద్వారా చేరిన కొత్త టీచర్లతో దీన్ని మొదలుపెట్టడం తేలిక.

ఒక్క షరతు. దీనికి పరీక్ష పెట్టొద్దు, యాప్‌లో ఫొటో అప్‌లోడ్ చేయమనొద్దు, ఎవరు ఎన్ని వాక్యాలు వాడారని లెక్కలు అడగొద్దు. ఇప్పటికే ఉన్న యాప్‌లతోనే టీచర్లకు సగం పూట సరిపోతోంది. తెలుగులో వివరించాల్సిన చోట తెలుగులోనే చెప్పే స్వేచ్ఛ కూడా వాళ్లకే వదిలేయాలి.

వచ్చే జూన్ 12న బడులు తెరిచే నాటికి ఆ చిన్న పుస్తకం ప్రతి ప్రాథమిక పాఠశాల టీచరు బల్ల మీద ఉండేలా చూడాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయిని,
పార్వతీపురం