ఆమ్‌స్టర్‌డామ్ అడుగుకు 11 అంగుళాలే

సంపాదకులకు,

ఆమ్‌స్టర్‌డామ్ కాలువల మీద మీరు వేసిన వ్యాసంలో ఒక లెక్క తప్పింది. 1680లలో అక్కడి లాకుల గోడల్లో బిగించిన పాలరాతి పలకల మీద ‘సముద్రపు కట్ట ఎత్తు, నగర మట్టానికి 9 అడుగుల 5 అంగుళాలు పైన’ అని చెక్కి ఉంది. దాన్ని 2.87 మీటర్లని రాశారు. ఆమ్‌స్టర్‌డామ్ అడుగు 28.3 సెంటీమీటర్లే, అందులో అంగుళాలు 11. కాబట్టి వచ్చేది 2.68 మీటర్లు. కరకట్ట మీద 19 సెంటీమీటర్లంటే చిన్న తేడా కాదు.

అంతకన్నా బాధ కలిగించింది, ఆ పలకలు పెట్టించిన మనిషి పేరు ఎక్కడా లేకపోవడం. యోహానెస్ హుడ్డె (1628–1704) గణితవేత్త. బహుపదుల్లో ఒకే మూలం రెండుసార్లు వస్తే పట్టుకునే ఆయన సూత్రం 1659లోనే అచ్చయింది. 1672 నుంచి మూడు దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ బర్గోమాస్టర్, అంటే నగర పాలనాధిపతి, అయ్యాడు. మచిలీపట్నంలో గిడ్డంగులు నడిపిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి డైరెక్టర్ కూడా. బర్గోమాస్టర్లు ఒకేసారి నలుగురు ఉండేవారు. ఏటా ఫిబ్రవరి 1న ముగ్గురు కొత్తగా వచ్చేవారు, పాతవారిలో ఒకరు కొనసాగేవారు. ఎన్నుకునేది జనం కాదు, పదవిలో ఉన్నవారు, మాజీలు, నగర న్యాయాధికారులు. గుప్పెడు కుటుంబాల పెత్తనమది, మెచ్చుకోదగ్గదేమీ కాదు. కానీ ఏళ్ల తరబడి సాగాల్సిన నీటి పని మధ్యలో ఆగకపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

1675 నవంబరు తుపానుకు నగరం దగ్గర కట్ట తెగింది. మళ్లీ కట్టలు ఎత్తు పెంచాలంటే, ఎక్కడి నుంచి కొలవాలన్నది ముందు తేలాలి. నేల నుంచి కొలిస్తే లాభం లేదు. అక్కడిది కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ మెత్తటి పీట్ నేల, చోటుకో తీరుగా కుంగిపోతుంది. ఒక్క గజం పొడవున కట్ట ఎత్తు తగ్గినా నీళ్లు అక్కడే పైకెక్కి దూకుతాయి, దూకిన చోటే కోత పెడతాయి. అందుకని నీటినే ఆధారం చేసుకున్నారు. 1683 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు నగరం ముందున్న ఎయ్ జలాల మట్టం కొలిచి, వేసవి పోటు సగటును సున్నాగా పెట్టుకున్నారు. పలకల మీది ‘నగర మట్టం’ ఇదే. ఎనిమిది పలకల మీద అడ్డంగా గాడి తీయించారు. గాడి ఉన్నది సున్నా దగ్గర కాదు, కట్ట ఎత్తు దగ్గర. సున్నా దగ్గర తీస్తే పోటు రాగానే మునిగిపోతుంది. పైన ఉంటే ఏ వేళైనా కనిపిస్తుంది, అక్కడి నుంచి కిందికి కొలుచుకోవచ్చు. ఏ లాకు దగ్గరైనా అందరి లెక్కా ఒకటే అవుతుంది.

ఆ మట్టాన్నే 1818లో దేశమంతటికీ వర్తింపజేశారు. 1879లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా కూడా తన ఎత్తులకు దాన్నే ఆధారం చేసుకుంది. ఎనిమిది పలకల్లో అసలు చోట మిగిలింది ఈన్‌హోర్న్ లాకు దగ్గరున్న ఒక్కటే. సవరణ వేసేటప్పుడు ఆ పలక ఫొటో, హుడ్డె పేరు రెండూ వేయండి.

– ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, రాజమహేంద్రవరం